పచ్చికపై దిగే విమానం
(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల ఉత్సవంలో విమానాల ప్రసక్తి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అగ్రహారం పిల్లలు ఆకాశంలో విమానం కనిపించినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది: "అది ఇక్కడ ఎందుకు దిగదు?" యానాంలో విమానాశ్రయం లేదు గనుక, విమానం ఎక్కవలసినవారు రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడికి వెళ్ళాలి గనుక, ఆ ప్రశ్నకు పెద్దలు సాధారణంగా నవ్వి ఊరుకుంటారు. కాని ప్రశ్న నవ్వి వదిలేయదగినది కాదు. మధురపూడి రన్‌వే మూడు కిలోమీటర్లు దాటిన గట్టి బాట. అది లేనిచోట, కేవలం పచ్చిక మొలిచిన నేలపై, ఒక చిన్న విమానం క్షేమంగా దిగగలదా? దిగితే తిరిగి లేవగలదా? విమానయాన చరిత్ర మొదలైందే ఈ ప్రశ్నతో. సిమెంటు బాటలు చాలాకాలం తరువాత వచ్చాయి.

ఫ్రెంచి పాలనను చవిచూసిన ఈ గడ్డకు ఆ చరిత్రలో ఇద్దరు ఫ్రెంచివారి కథలు ప్రత్యేకంగా నచ్చుతాయి.

మొదటివాడు లూయీ బ్లేరియో. 1909 జూలై 25న తెల్లవారుజామున కలే సమీపంలోని పొలం నుండి లేచి, సుమారు 37 నిమిషాలలో ఇంగ్లీషు ఛానెల్ దాటి డోవరు చేరాడు. సముద్రం దాటడం సాహసమే. అయితే అసలు ప్రమాదం దాటిన తరువాత ఎదురైంది. కొండ అంచుల దగ్గర గాలి సుడులు తిరుగుతోంది. ఎక్కడ దిగాలో పైనుండి తెలియదు. డోవరు కోట సమీపంలోని వాలు పచ్చికబయలులో షార్ల్ ఫోంతేన్ అనే ఫ్రెంచి పాత్రికేయుడు పెద్ద త్రివర్ణ పతాకాన్ని ఊపుతూ నిలబడ్డాడు. బ్లేరియో దానిని చూసి అటు తిరిగాడు. గాలి విమానాన్ని విసిరినట్టు నేలకు కొట్టింది. చక్రాల అమరిక విరిగింది, ప్రొపెల్లరు దెబ్బతింది, మనిషికి ఏమీ కాలేదు. ప్రపంచం ఛానెల్ దాటినవాడిని జ్ఞాపకం పెట్టుకుంది. జెండా ఊపినవాడిని దాదాపు మరిచిపోయింది. గడ్డినేలపై దిగే విద్యలో మాత్రం ఆ రెండవవాడి స్థానం చిన్నది కాదు. ముందుగా వెళ్ళి నేలను చూసి, అనువైన చోటును ఎంచి, పైనున్నవాడికి కనిపించేలా గుర్తు నిలిపినవాడు అతడే. నేడు ప్రతి చిన్న విమానక్షేత్రంలోనూ స్తంభానికి వేలాడే గాలిసంచి అదే పని చేస్తుంది. పైగా గాలి ఎటునుండి ఎంత బలంగా వీస్తోందో కూడా చెబుతుంది.

రెండవవాడు ఆన్రీ పెకే. 1911 ఫిబ్రవరి 18న, ఇరవైమూడేళ్ళ వయసులో, అలహాబాదు ప్రదర్శన మైదానం నుండి సుమారు 6,500 ఉత్తరాలతో లేచి యమునా నది దాటి నైనీలో దిగాడు. ప్రపంచంలో విమానంపై సాగిన తొలి అధికారిక తపాలా ప్రయాణంగా దానిని లెక్కిస్తారు. దూరం పది కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. ఈ రోజుల్లో సైకిలుపై పోగల దూరమే. ఆ ప్రయాణంలో రన్‌వే అన్న మాటే లేదు.

ఆనాటి మైదానాల గురించి ఒక సూక్ష్మం ఇక్కడే చెప్పుకోవాలి. తొలినాటి విమానక్షేత్రాలు పొడవైన పట్టీలు కావు; గుండ్రంగానో చతురస్రంగానో ఉన్న విశాలమైన బయళ్ళు. గాలి తూర్పు నుండి వస్తే తూర్పుకు, దక్షిణం నుండి వస్తే దక్షిణానికి ముఖం పెట్టి లేచేవారు, దిగేవారు. విమానం గాలికి ఎదురుగా దిగితే నేలను తాకే వేగం తగ్గుతుంది, ఆగడానికి పట్టే దూరం తగ్గుతుంది. తరువాత భూమి ఖరీదై, విమానాలు బరువెక్కి, మైదానం సన్నని పట్టీగా మారింది. అప్పటినుండి గాలి పక్కనుండి వీచడం అనే చిక్కు వచ్చిపడింది. సన్నని గడ్డిపట్టీపై దిగడం కష్టమనిపించడానికి సగం కారణం ఇది.

తెలుగువారికి మరింత దగ్గరి కథ 1932 నాటిది. ఆ ఏడు అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి పుస్ మాత్ అనే చిన్న విమానంలో టపాతో బయలుదేరి అహమ్మదాబాదు మీదుగా బొంబాయిలోని జుహూ చేరారు. 1929లో భారతదేశంలో మొదటి సంఖ్యగల పైలట్ లైసెన్సు పొందినది ఆయనే. జుహూలో టపాను అందుకుని నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకువెళ్ళారు. బ్రిటిషు వాయుసేనలో పనిచేసిన విన్సెంటే ఈ సర్వీసు ఆలోచనను టాటాల ముందు పెట్టినవారు. ఆ రాత్రి బళ్ళారిలో ఆగి, మరునాడు మద్రాసు చేరారు. అప్పటికి బళ్ళారి మద్రాసు రాజధానిలోని దత్తమండలాలలో భాగం. తెలుగు వినిపించే ఊరు. ఈనాటి ఎయిర్ ఇండియాకు అంకురం ఆ ప్రయాణమే.

ఆ విమానంలో రేడియో లేదు. దారి చూపే దీపాలు లేవు. అహమ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎద్దుబండిపై వచ్చాయి. జుహూ మైదానం సముద్రపు ఒడ్డున ఉన్న బురదనేల; వానకాలంలో అది నీటమునిగేది గనుక ఆ నెలల్లో సర్వీసును పూనాకు మార్చేవారు. ఆటుపోట్లు ఎరిగిన యానాంవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఇంత అరకొర సౌకర్యాలతో నడిచిన ఆ సర్వీసు తొలి సంవత్సరంలో ఒక్క టపా కూడా ఆలస్యం చేయలేదని, పడమటి కనుమల వానల్లో సైతం కరాచీలో అందవలసిన అనుసంధానం ఒక్కటీ తప్పలేదని ప్రభుత్వ పౌరవిమానయాన శాఖ తన నివేదికలో మెచ్చుకున్నది.

ఈ మెప్పును చదివి, ఆ పైలట్లు వానకూ గాలికీ వెరవని సాహసులని అనుకోవడం పరిపాటి. ఆ అవగాహనలో లోపమున్నది. వానకాలం రాకముందే జుహూను వదిలి పూనాకు వెళ్ళాలని నిర్ణయించడం సాహసం కాదు. ఏ నేల ఏ ఋతువులో పనికిరాదో ముందుగా తెలుసుకుని పక్కకు తొలగడం. నేల తడిసిన తరువాత "ఎలాగోలా దిగుదాం" అనుకున్నవారి పేర్లు నివేదికల మెప్పులో ఉండవు. ప్రమాద విచారణల్లో ఉంటాయి.

యుద్ధకాలంలో, 1942 ఏప్రిల్ 6న కాకినాడపైనా విశాఖపట్టణంపైనా జపాను బాంబులు పడిన ఆ రోజుల్లో, తీరాంధ్రలో విమానాశ్రయాల అవసరం అందరికీ తెలిసివచ్చింది. గన్నవరం, తాడేపల్లిగూడెం, దొనకొండ వంటి క్షేత్రాలు ఆ యుద్ధపు జ్ఞాపకాలే. బరువైన విమానాలకు గట్టి బాటలు తప్పనిసరి అయ్యాయి. గడ్డినేల చిన్న విమానాలకు, శిక్షణకు, పైరుపై మందు చల్లేవారికి, దారులు తెగిన చోట్ల సహాయం అందించేవారికి మిగిలింది. ప్రపంచంలో అనేక దేశాలలో ఈనాటికీ వేలాది చిన్న విమానాలు పచ్చికపైనే దిగుతున్నాయి, లేస్తున్నాయి.

ఇక పిల్లల ప్రశ్నకు వద్దాం. అగ్రహారం పొలాల పక్కన ఎనిమిది వందల మీటర్ల పొడవున గడ్డిపట్టీ ఒకటి ఉన్నదని ఊహించుకోవచ్చు. అందులోకి ఇద్దరు కూర్చునే చిన్న విమానం రావాలి, తిరిగి పోవాలి.

మొదటి పని నేలమీద నడవడం. పైనుండి చూస్తే పచ్చటి తివాచీలా కనిపించే నేల దగ్గరకు వెళితే వేరుగా ఉంటుంది. డెల్టా నేలలో పీతల బొరియలు, ఎలుక కన్నాలు ఉంటాయి. పూడ్చిన బోదె జాడ ఒకటి అడ్డంగా ఉండవచ్చు. దున్ని చదును చేసిన చోట పైన గడ్డి మొలిచి లోపల మెత్తగా ఉండవచ్చు. వేగంగా పరుగెత్తే విమానపు ముందు చక్రం అలాంటి గుంటలో దిగబడితే విమానం ముక్కుమీద పడుతుంది. పాత పైలట్లు ఒక సులభమైన కొలత చెబుతారు: గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో కారు ఆ నేలమీద కుదుపులు లేకుండా పోగలిగితే విమానానికీ అది పనికివస్తుంది. గడ్డి ఎంత ఎత్తుందో కూడా చూడాలి. చక్రం సగానికి మునిగేంత గడ్డి ఉంటే విమానం లేవడం ఆలస్యమవుతుంది.

తరువాత చుట్టూ చూడాలి. పట్టీ రెండు కొసల్లో ఏమున్నది? తాటిచెట్లు, కొబ్బరితోటలు గోదావరి జిల్లాల అందం. విమానానికి మాత్రం అవి గోడలు. రొయ్యల చెరువుల ఏరియేటర్లకు కరెంటు తీసుకుపోయే తీగలు మరింత ప్రమాదకరం. ఆకాశం నుండి తీగ కనిపించదు. అనుభవజ్ఞులు తీగను వెదకరు, స్తంభాలను వెదుకుతారు. రెండు స్తంభాల మధ్య తీగ ఉన్నట్టే లెక్క. కోరింగ అడవుల పొరుగున ఉన్న ప్రాంతం కనుక పక్షుల సంగతీ ఉంది. దున్నుతున్న ట్రాక్టరు వెనుక కొంగలు గుమిగూడటం అందరూ చూసేదే. ఆ సమయంలో ఆ పక్కనుండి విమానం లేవడం బుద్ధిమంతుల పని కాదు.

ఇక లెక్క. తల్లిదండ్రులు "లెక్కలు నేర్చుకుని ఏం చేస్తావు" అని అనరు గాని, పిల్లలు అంటారు. వారికోసమైనా ఈ లెక్కను సంపూర్ణంగా చెప్పాలి.

ప్రతి విమానంతోపాటు తయారీదారు ఒక పుస్తకం ఇస్తాడు. విమానం నేలపై పరుగు మొదలుపెట్టి, లేచి, పదిహేను మీటర్ల ఎత్తు దాటడానికి ఎంత దూరం కావాలో అందులో ఉంటుంది. ఆ దూరం 400 మీటర్లు అనుకుందాం. కాని ఆ అంకె కొత్త విమానానికి, నిపుణుడైన పరీక్షా పైలట్‌కు, ఎండిన గట్టి బాటకు, సముద్రమట్టానికి, పదిహేను డిగ్రీల చల్లదనానికి సంబంధించినది. అగ్రహారం సముద్రమట్టానికి దగ్గరిదే. మిగిలినవేవీ ఇక్కడ వర్తించవు.

బ్రిటన్ పౌరవిమానయాన సంస్థ చిన్న విమానాల పైలట్లకు ఇచ్చిన సూచనల ప్రకారం, ప్రతి పది డిగ్రీల వేడికి లేచే దూరం పది శాతం పెరుగుతుంది. వేడిగాలి పలుచన, రెక్కకు తక్కువ ఆధారం, ఇంజనుకు తక్కువ ప్రాణవాయువు. ఎండిన పొట్టిగడ్డి మరో 20 శాతం, తడిగడ్డి 30 శాతం, మెత్తని నేల ఇంకా 25 శాతమో అంతకు మించో పెంచుతాయి. బరువు పదోవంతు పెరిగితే దూరం 20 శాతం పెరుగుతుంది. లేచే వేగంలో పదోవంతు బలంగల గాలి వెనుకనుండి వీస్తే మరో 20 శాతం. ఎత్తుకు సంబంధించి ప్రతి వెయ్యి అడుగులకు 10 శాతం. సుమారు 450 మీటర్ల ఎత్తున్న బళ్ళారిలో ఇది కూడా లెక్కలోకి వచ్చే అంశమే. ఇవన్నీ కూడవలసినవి కావు, ఒకదానితో ఒకటి గుణించవలసినవి. చివరికి వచ్చినదానిని భద్రతకోసం 1.33తో మళ్ళీ గుణించాలి.

మే నెల మిట్టమధ్యాహ్నం, 42 డిగ్రీల వేడి, గాలి లేదు, గడ్డి ఎండి ఉంది. 400ను 1.27తో గుణిస్తే 508. దానిని 1.2తో గుణిస్తే సుమారు 610. భద్రతాంశంతో 811 మీటర్లు. ఉన్న నేల 800. విమానం లేవదని కాదు, చాలాసార్లు లేస్తుంది. కాని పొరపాటుకు చోటు మిగలదు. సామాను పెంచి బరువు పదోవంతు అధికం చేస్తే 973 మీటర్లు కావాలి. అదే రోజు తెల్లవారుజామున 28 డిగ్రీలప్పుడు లెక్క వేస్తే 400ను 1.13తో, 1.2తో, 1.33తో గుణించగా సుమారు 721 వస్తుంది. అదే విమానం, అదే నేల, అదే మనిషి. ఆరు గంటల ముందు బయలుదేరితే క్షేమం. జూలైలో వాన వెలిసిన తరువాత, 32 డిగ్రీల వేడిలో, తడిగడ్డిపై 809 మీటర్లు. నేల కూడా మెత్తబడితే వెయ్యి మీటర్లు దాటుతుంది. అప్పుడు చేయవలసినది ఒకటే. విమానాన్ని తాళ్ళతో కట్టి ఇంటికి వెళ్ళి భోజనం చేయడం.

ఎనిమిదవ తరగతి పిల్లలు ఈ గుణకారాలను ఐదు నిమిషాలలో చేయగలరు. చేయగలగడం వేరు, అననుకూలమైన జవాబు వచ్చినప్పుడు దానిని నమ్మడం వేరు. బంధువులు వచ్చి ఎదురుచూస్తూ ఉంటారు, పెళ్ళి ముహూర్తం ఉంటుంది, ప్రయాణికుడు డబ్బు చెల్లించి ఉంటాడు, పక్కనున్న పైలట్ నిన్ననే లేచి వెళ్ళి ఉంటాడు. చిన్న విమానాల ప్రమాదాలలో "వెళ్ళి తీరాలి" అనే మనసుతో అననుకూల వాతావరణంలోకి, అననుకూల నేలపైకి వెళ్ళినవి చాలా ఉన్నాయి. పరీక్షలో తప్పడం ఒక్కటే అవమానమని, మొదలుపెట్టిన దానినుండి వెనుదిరగడం పిరికితనమని పిల్లలకు నూరిపోసే ఇళ్ళు, బడులు ఈ విషయంలో తమ బాధ్యతను కొంచెం ఆలోచించుకోవాలి. పైలట్ శిక్షణలో విద్యార్థి సగం దారిలో తిరిగి వచ్చి "మబ్బు కమ్మింది, వచ్చేశాను" అంటే మంచి శిక్షకుడు తిట్టడు. ఆ రోజు లాగ్‌బుక్కులో తక్కువ గంటలు పడతాయి, అంతే.

ఇక విమానం పైకి లేచి అగ్రహారం వైపు వస్తోందని అనుకుందాం. గడ్డిపట్టీపై నేరుగా దిగిపోకూడదు. ముందు సుమారు మూడు వందల మీటర్ల ఎత్తులో పైనుండి ఒక చుట్టు తిరగాలి. గాలిసంచి ఎటు చూస్తోంది? లేకపోతే వంటపొయ్యి పొగ, చెరువు నీటిపై అలలు చెబుతాయి. పశువులున్నాయా? మేస్తున్న గేదె పట్టీ అంచున నిలబడి ఉంటే అది ఎటు నడుస్తుందో గేదెకే తెలియదు.

ఈ తీరంలో గాలికి ఒక దినచర్య ఉంది. పొద్దున నేలమీదినుండి సముద్రం వైపు, మధ్యాహ్నం తరువాత సముద్రం నుండి నేలవైపు వీస్తుంది. కనుక వేసవి సాయంత్రం తూర్పుముఖంగా దిగడం అనుకూలం; పొద్దున పడమటి ముఖంగా. ఒకే పట్టీ పొద్దున ఒకవైపు నుండి, సాయంత్రం మరొకవైపు నుండి వాడుకోవలసి వస్తుంది. కొబ్బరితోట పక్కనుండి దిగేటప్పుడు ఇంకొక మోసం ఉంది. చెట్ల తలలపైన బలంగా ఉన్న గాలి, వాటి చాటుకు దిగగానే తగ్గిపోతుంది. ఎదురుగాలి ఒక్కసారిగా తగ్గితే విమానం కిందికి జారుతుంది. తెలిసినవాడు ముందే ఊహించి ఇంజనుపై చెయ్యి ఉంచుతాడు.

పక్కగాలికీ లెక్క ఉంది. ఇరవై నాట్ల గాలి పట్టీకి ముప్పై డిగ్రీల కోణంలో వీస్తే పక్కకు నెట్టే భాగం పది నాట్లు. ముప్పై డిగ్రీల సైను విలువ సగం అని పదవ తరగతిలో నేర్చుకున్నది ఇక్కడ అక్షరాలా వాడుకలోకి వస్తుంది. సెస్నా 172 వంటి విమానాన్ని తయారీదారు 15 నాట్ల పక్కగాలి వరకు పరీక్షించి చూపాడు. కొత్త పైలట్ తన హద్దును దానికన్నా చాలా తక్కువగా పెట్టుకోవాలి.

దిగే వేగం అన్నిటికన్నా ముఖ్యం. వేగం పది శాతం ఎక్కువైతే ఆగడానికి పట్టే దూరం ఇరవై శాతం పైగా పెరుగుతుంది, ఎందుకంటే శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. భయంతో "కాస్త వేగంగా ఉంటే మంచిది" అనుకోవడం చిన్న పట్టీపై ఎదురు తిరుగుతుంది. తడిగడ్డిపై బ్రేకులు పట్టవు, చక్రం జారుతుంది. పుస్తకంలో దిగే దూరం 300 మీటర్లుంటే తడిగడ్డికి 35 శాతం కలిపి 405, దిగడానికి చెప్పిన భద్రతాంశం 1.43తో సుమారు 579. పుస్తకంలోని అంకెకు దాదాపు రెట్టింపు. పుస్ మాత్ విమానంలో చక్రాల కాళ్ళపై ఉన్న రేకు తొడుగులను గాలికి అడ్డంగా తిప్పి వేగం తగ్గించుకునే ఏర్పాటు ఉండేది. చిన్న మైదానాలలో దిగక తప్పని కాలపు తెలివి అది. నేటి విమానాలకు రెక్కల వెనుక ఫ్లాపులు ఆ పని చేస్తాయి.

పట్టీపై ఒక గుర్తును ముందే ఎంచుకోవాలి. ఆ గుర్తు దగ్గరకు చక్రాలు నేలను తాకకపోతే మరో ఆలోచన లేకుండా ఇంజనుకు పూర్తి బలమిచ్చి మళ్ళీ పైకి లేవాలి. ఎనిమిది వందల మీటర్ల పట్టీలో ఆ గుర్తు మొదటి మూడో వంతు దాటకూడదు. ఈ నిర్ణయాన్ని గాలిలో కాదు, బయలుదేరక ముందే తీసుకోవాలి. చివరి క్షణంలో ఆలోచించేవాడికి ఆలోచించే సమయం ఉండదు.

నేలను తాకిన తరువాత కూడా పని పూర్తికాదు. మెత్తని నేలలో మధ్యలో ఆగిపోతే చక్రాలు దిగబడతాయి. గట్టి చోటు చేరేవరకు నెమ్మదిగా కదులుతూనే ఉండాలి. ముందు చక్రంపై బరువు పడకుండా కంట్రోలు కర్రను వెనక్కి లాగి ఉంచాలి.

తిరిగి లేవడం ఇంకా నాజూకైన పని. గడ్డి చక్రాలను పట్టి లాగుతుంది. కనుక ముందు చక్రాన్ని వీలైనంత త్వరగా తేలిక చేసి, విమానం నేలను వదలగానే నిలువుగా పైకి ఎక్కించే ప్రయత్నం చేయకుండా, నేలకు దగ్గరగా వేగం కూడగట్టుకోనివ్వాలి. నేలకు రెక్కల వెడల్పంత ఎత్తులోపు విమానం తక్కువ వేగంతోనే తేలుతుంది. ఆ ఎత్తు దాటగానే ఆ ఆసరా పోతుంది. వేగం లేకుండా పైకి లాగినవారు తాటిచెట్ల ముందు చిక్కుకుంటారు. పట్టీ సగం దూరానికి లేచే వేగంలో 70 శాతం రాకపోతే ఇంజను ఆపి నిలిచిపోవాలన్నది ప్రసిద్ధమైన నియమం. దీని మూలం భౌతికశాస్త్రపు మొదటి పాఠాలలోనే ఉంది: ఒకే త్వరణంతో పరుగెత్తే వస్తువు సగం దూరంలో తుది వేగంలో సుమారు 71 శాతం అందుకుంటుంది. పట్టీ మధ్యలో ఒక జెండా కర్ర పాతితే ఈ పరీక్ష ఎంతో సులభం. మధ్యలో ఆగినవాడికి ముందు సగం పట్టీ మిగిలి ఉంటుంది.

బయలుదేరే ముందు పెట్రోలులో నీరు చేరిందా అని చూడటం తేమ ఎక్కువైన ఈ తీరంలో తప్పనిసరి. నీరు బరువు గనుక ట్యాంకు అడుగున నిలుస్తుంది. చిన్న గాజు పాత్రలోకి కొద్దిగా వదిలి చూస్తే తేలిపోతుంది. గాలి వేగాన్ని కొలిచే సన్నని గొట్టానికి తొడుగు వేయకుండా వదిలితే, మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు దానిలో చేరుతాయి. ఆ చిన్న గూడుతో వేగం చూపే ముల్లు అబద్ధం చెబుతుంది.

చివరగా, నేలమీద ఉండిపోయేవారి సంగతి. పైలట్ ఏ ఊరినుండి బయలుదేరాడు, ఎన్ని గంటలకు చేరాలి, ఎంత పెట్రోలు ఉంది, ఎందరున్నారు అన్నది బాధ్యతగల ఒక మనిషికి చెప్పి బయలుదేరాలి. చిన్న గడ్డిపట్టీ దగ్గర కంట్రోలు టవరు ఉండదు. విమానం రాలేదని గమనించేవాడు ఆ మనిషి ఒక్కడే. చేరవలసిన సమయం దాటి అరగంట గడిస్తే ఎవరికి ఫోను చేయాలో అతని దగ్గర రాసి ఉండాలి. దిగిన తరువాత పైలట్ మొట్టమొదట చేయవలసిన పని కూడా ఫోనే. తాళ్ళు కట్టాలి, చక్రాల కింద దిమ్మలు పెట్టాలి, పశువులు రెక్కలకు ఒళ్ళు రాసుకోకుండా ముళ్ళకంప అడ్డం వేయాలి. ఇవన్నీ ఆ తరువాతే. "దిగాను" అన్న ఒక్క మాట చేరిన తరువాతే ఇంటివారు కాగితంపై రాసుకున్న ఆ సమయాన్ని కొట్టివేస్తారు.